‘అటు పోతే మారుతది’: ఎనిమిదో తరగతి అమ్మాయి, మైనస్ గుర్తు, ఒక కేస్ స్టడీ

ఎనిమిదో తరగతిలో లెక్కల మార్కులు పడిపోయి ట్యూషన్‌కొచ్చే పిల్లల నోటుబుక్కులు తిరగేస్తే, పోయిన మార్కుల్లో చాలావరకు ఒకే గుర్తు దగ్గర పోయి ఉంటాయి. అది మైనస్. పూర్ణ సంఖ్యల పాఠం మళ్లీ ఒకసారి గట్టిగా చెప్పిస్తే దారిలో పడతారని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నేనిక్కడ రాస్తున్న అమ్మాయికి ఆ పాఠం బాగానే వచ్చు. అయినా సమీకరణం కనపడగానే తప్పేది. ఎక్కడ తప్పుతోందో పట్టుకోవడానికే ఎక్కువ సమయం పట్టింది. సరిచేయడం దానికంటే తేలిక.

నేను హైదరాబాద్ విద్యానగర్‌లో ఆరు నుంచి పదో తరగతి దాకా లెక్కలు చెప్తాను. అడిక్‌మెట్, రాంనగర్, నల్లకుంట వైపు నుంచి పిల్లలొస్తారు. ఈ అమ్మాయిది ప్రైవేటు స్కూలు, ఇంగ్లిష్ మీడియం. పేరు రాయను, పాప అంటాను. నోటుబుక్కులో ఎక్స్ ఉన్నచోట ఇక్కడ సమీకరణాల్లో ‘య’ అని రాస్తున్నాను. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశికి ‘యా’ అనే రాశాడు, కాబట్టి ఇది కొత్త పద్ధతేం కాదు.

వచ్చేనాటికి పరిస్థితి ఇదీ. స్కూల్లో పెట్టే ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలో రేఖీయ సమీకరణాల ప్రశ్నలు ఒక్కటీ వదల్లేదు. ప్రతిదానికీ స్టెప్పులు రాసింది, చివర గీత కొట్టి జవాబు రాసింది. సగానికి పైగా తప్పులు. వాళ్లమ్మ అన్నది: “ఇంట్ల చేస్తే మంచిగనే చేస్తది సార్. ఎగ్జామ్‌ల కొచ్చేసరికి మైనస్‌ల కాడ ఆగమైతది.”

మైనస్‌ల దగ్గరే మార్కులు పోతున్న మాట నిజం. ఆగమవడం వల్ల మాత్రం కాదు. కంగారులో చేసిన తప్పు ఒక్కోసారి ఒక్కో తీరుగా ఉంటుంది. పాప తప్పులు మాత్రం పేజీ పేజీకీ ఒకే తీరు. ప్రతిసారీ ఒకేలా తప్పు చేస్తున్న పిల్ల ఏదో ఒక నియమాన్ని నమ్మి పాటిస్తున్నట్టే లెక్క. ఆ నియమమేంటో ఆమె నోటితోనే వినాలి.

రెండు కాగితాలు

మొదటి కాగితం మీద ఉత్త సంఖ్యలిచ్చాను: 3 − 7, −8 + 5, −4 − 6, (−3) × (−5), 12 ÷ (−3), 7 − (−2). అన్నీ సరిగ్గా చేసింది. ఆఖరిది కూడా తడుముకోకుండా 9 అని రాసింది. రెండో కాగితం మీద ఈ ఐదు:

య + 7 = 3
5 − య = 2
−3య = 12
−య = 6
7 − (య − 2) = 4

ఆమె జవాబులు వరసగా −4, 7, 4, 6, 9. మొదటిది ఒప్పు. మిగతా నాలుగూ తప్పు. అసలు జవాబులు 3, −4, −6, 5.

తప్పని చెప్పలేదు. రెండోది ఎలా చేసిందో చదివి వినిపించమన్నాను.

“ఫైవ్ మైనస్... ఎక్స్ ఈక్వల్ టు టూ. ఫైవ్ అటు పోతది సార్. మైనస్ ఉంది గదా, అటు పోతే ప్లస్ అయితది. టూ ప్లస్ ఫైవ్, సెవెన్.”

ఆమె ఎక్కడ ఆగిందో చూడండి. ‘ఫైవ్ మైనస్’ అని ఆగి, తర్వాత ‘ఎక్స్’ అంది. మళ్లీ చదవమంటే మళ్లీ అక్కడే ఆగింది.

“ఆ మైనస్ ఎవరిది? ఐదుదా, ఎక్స్‌దా?”

కాగితం వైపు కాసేపు చూసి, “ఫైవ్‌ది సార్” అంది.

కేసు మొత్తానికి తాళంచెవి ఈ జవాబు. ఒకటో తరగతి నుంచి పిల్లలు 5 − 3 ని ‘ఐదులోంచి తీసెయ్, ఎంత తియ్యాలంటే మూడు’ అనే చదువుతారు. వాళ్ల దృష్టిలో మైనస్ ఐదుకి ఇచ్చిన ఆజ్ఞ, అందుకని ఐదుకే అంటుకుని ఉంటుంది. అంకగణితంలో అలా చదివినా జవాబు 2 వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. బీజగణితంలోకి రాగానే పద్ధతి మారుతుంది. గుర్తు తన తర్వాత వచ్చే పదానికి చెందుతుంది, అంతకుముందు వచ్చినదానికి కాదు. 5 − య లో ఉన్నవి +5, −య అనే రెండు పదాలు. ఈ మార్పు జరిగిందని పిల్లలకు ఎవరూ విడిగా చెప్పరు, చెప్పాల్సినంత సంగతని పెద్దలకు తట్టదు.

మూడో లెక్క గురించి అడిగాను. “మైనస్ త్రీ ఇంటూల ఉంది సార్, అటు పోతే కిందికి పోతది. మైనస్ అటు పోతే ప్లస్ అయితది. ట్వెల్వ్ బై త్రీ, ఫోర్.” నాలుగోది కూడా అదే దారి: మైనస్ అటు పోయింది, ప్లస్ అయింది, య = 6. ఐదోదాంట్లో బ్రాకెట్ తీసేసి 7 − య − 2 అని రాసింది, దాన్ని 5 − య = 4 చేసింది, మళ్లీ ‘ఫైవ్ మైనస్’ అటు పోయి 4 + 5 = 9. రెండు వేర్వేరు తప్పులు ఒకే లెక్కలో.

“అటు పోతే ఎందుకు మారుతది?”

“మారుతది సార్. రూల్ అది.”

ఇది ఆమె కల్పించుకున్నది కాదు. మన పుస్తకాల్లో దాని పేరు పక్షాంతరం, అక్కడ చెప్పింది సరిగ్గానే ఉంది: కూడికగానో తీసివేతగానో ఉన్న పదాన్ని సమాన గుర్తు దాటిస్తే దాని గుర్తు మారుతుంది. ఎందుకంటే ఇరువైపులా అదే పదాన్ని తీసేశాం, లేదా కలిపాం. తరగతిలో చెప్పీ చెప్పీ ఆ కారణం రాలిపోయింది, ‘అటు పోతే మారుతది’ ఒక్కటే మిగిలింది. ఏది పోతే, ఏం మారుతుంది అన్నది అందులో లేదు. అందుకే గుణకం దాటినా గుర్తు మార్చేస్తోంది. −3 తో గుణించి ఉన్నదాన్ని విప్పాలంటే −3 తోనే భాగించాలి. గుణకారం భాగహారం అవుతుంది, −3 మాత్రం −3 గానే ఉంటుంది.

ఒక గుర్తు, మూడు పనులు

ఎంత చెప్పినా తక్కువే అనిపించే సంగతి ఇది. మైనస్ అనే ఆ చిన్న గీత మూడు పనులు చేస్తుంది. 9 − 4 లో తీసివేయమంటుంది. −4 లో సున్నాకి ఎడమవైపున్న సంఖ్యను చూపిస్తుంది. −య లో ‘య ఎంతైతే దానికి ఎదురు సంఖ్య’ అంటుంది. పుస్తకాల్లో దాన్ని సంకలన విలోమం అంటారు. చాలా సైంటిఫిక్ కాలిక్యులేటర్ల మీద మొదటి పనికి ఒక మీట, మిగతా వాటికి బ్రాకెట్లో మైనస్ ఉన్న వేరే మీట ఉంటాయి. యంత్రానికి విడదీసి చెప్పక తప్పలేదు. పిల్లల దగ్గరికొచ్చేసరికి మూడింటినీ ఒకే గీతలో పెట్టి, వాళ్లే తెలుసుకుంటారని వదిలేస్తాం.

పాపకు మొదటి రెండు పనులూ తెలుసు. ఉత్త సంఖ్యల కాగితం అందుకే తప్పుల్లేకుండా వచ్చింది. మూడోదాని ఊసే తెలియదు. −య అనేది ధనమా రుణమా అని అడిగితే, “నెగటివ్ సార్, మైనస్ ఉంది గదా” అంది. య విలువ తెలియకుండా ఆ మాట చెప్పలేమన్న ఆలోచన ఆమెకు ఎప్పుడూ రాలేదు.

చేసిన పని

ముందుగా ఒకే కాగితం మీద పక్కపక్కన ఈ రెండు రాసి చేయమన్నాను:

య − 5 = 2
5 − య = 2

రెండింటికీ 7 అని రాసింది. అప్పుడు, “ఆ ఏడును ఎక్స్ ఉన్నచోట పెట్టి చూడు” అన్నాను. మొదటిది 7 − 5, రెండు. రెండోది 5 − 7. మైనస్ రెండు అని తనే రాసి, పెన్ను పక్కన పెట్టేసింది. “మరి రూల్ కరెక్టే పెట్టిన గద సార్?” అని అడిగింది. ఆ ప్రశ్న ఆమె నోట రావాలనే ఎదురుచూస్తున్నాను. దానికంటే ముందు మనమే వివరణ మొదలుపెడితే, పిల్లలు తలూపి, మర్నాడు పాత రూలే పెడతారు.

తర్వాత కొన్నాళ్లు సమీకరణాలే ఇవ్వలేదు. కాగితం ముక్కలు కత్తిరించి, ఒక్కో ముక్క మీద ఒక్కో పదాన్ని గుర్తుతో సహా రాయించాను. 5 − య + 2య − 8 అంటే నాలుగు చీటీలు: +5, −య, +2య, −8. ఐదు ముందర ప్లస్ రాయడానికి ఆమె ఒప్పుకోలేదు. “స్టార్టింగ్‌ల ప్లస్ రాయరు గద సార్” అంది. రాయకపోయినా ఉంటుందని, అది కనపడకపోవడం వల్లే ‘ఫైవ్ మైనస్’ అని చదువుతున్నావని చెప్పి, చీటీ మీద మాత్రం రాయించాను. చీటీల్ని ఏ వరసలో పేర్చినా విలువ మారదని చూడటానికి య = 3 పెట్టమన్నాను. 5 − 3 + 6 − 8 = 0. చీటీలు కలిపేసి, −8 + 6 + 5 − 3. మళ్లీ 0. గుర్తు చీటీ మీదే ఉంది కాబట్టి ఎటు జరిపినా పదంతోపాటే వస్తుంది. నోటుబుక్కులోకి వచ్చేటప్పుడు చీటీల బదులు ప్రతి గుర్తుకీ ముందు పెన్సిల్‌తో ఒక నిలువు గీత పెట్టించాను: 5 | −య. చదివేటప్పుడు ఆ గీత దగ్గర ఆగాలి. ‘ఫైవ్... మైనస్ ఎక్స్’. విని తేడా పట్టుకోవడానికి ఇంతకంటే సులువు మార్గం నాకు దొరకలేదు.

ఆ తర్వాతే సమీకరణాలకొచ్చాం. ‘అటు పోతది’ అనే మాట కొన్నాళ్లు వాడొద్దన్నాను. దాని బదులు ఇరువైపులా ఏం చేస్తున్నావో ప్రతి వరస పక్కన రాయాలి. చాలా పుస్తకాల్లో దీనికి తక్కెడ బొమ్మ వేస్తారు. య + 3 = 7 లాంటి వాటికి ఆ బొమ్మ చక్కగా పనికొస్తుంది. కానీ −3య ని తక్కెడలో ఎలా పెడతాం? రుణ సంఖ్యలు వచ్చాక ఆ బొమ్మ సాయం చేయకపోగా అయోమయపెడుతుంది. అందుకని దాన్ని పక్కన పెట్టి, ఉత్త రాతతోనే నడిపించాను:

5 − య = 2
5 = 2 + య (ఇరువైపులా య కలిపాం)
3 = య (ఇరువైపులా 2 తీసేశాం)

దీంట్లో రుణ సంఖ్య ఎక్కడా రాలేదు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ సమీకరణాలు సాధించిన తీరు ఇదే: తీసివేతలో ఉన్నదాన్ని ఇరువైపులా కలిపి పూడ్చేయడం. ఆయన రుణ సంఖ్యలు వాడలేదు, ప్రతి పదమూ ధనంగా ఉండేలా పేర్చుకునేవాడు. దానికోసం రేఖీయ, వర్గ సమీకరణాల్ని కలిపి ఆరు రకాలుగా విడగొట్టాల్సొచ్చింది. అంతటి పండితుడే మైనస్‌ని తప్పించుకునే దారి వెతుక్కున్నాడంటే, పదమూడేళ్ల పిల్ల దాని దగ్గర తడబడటం వింతేమీ కాదు. ఈ మాట పాపకు చెప్తే కొంచెం ధైర్యం వచ్చింది.

ఆమెకు వచ్చిన అభ్యంతరం వేరు. “ఎక్స్ రైట్ సైడ్ ఉండొచ్చా సార్?” య ఎప్పుడూ ఎడమవైపే ఉండాలని, కుడివైపుకొస్తే మార్కులు కట్ చేస్తారని అనుకుంటోంది. ఈ భయం వల్ల ఎన్ని అనవసరపు మైనస్‌లు పుట్టుకొస్తాయో చూపించడానికి ఒక లెక్క రెండు రకాలుగా చేయించాను:

2య − 9 = 5య + 3

య పదాల్ని ఎడమవైపు చేరిస్తే −3య = 12 వస్తుంది, మళ్లీ ఆమె జారిపడే చోటికే. కుడివైపు చేరిస్తే −12 = 3య, య = −4. పెట్టి చూస్తే ఎడమ −8 − 9 = −17, కుడి −20 + 3 = −17. య గుణకం ఎటువైపు పెద్దదో అటువైపు చేర్చుకోమని అప్పటినుంచి చెప్తున్నాను. చేతి అలవాటు సంగతే, కానీ తప్పులు సగం తగ్గుతాయి.

ఎదురు సంఖ్య సంగతి మటుకు ఒకపట్టాన ఎక్కలేదు. య కింద 4, 1, 0, −1, −6 అని రాయించి, పక్కన −య గడి నింపమన్నాను. −4, −1, 0 దాకా చకచకా వెళ్లింది. −1 దగ్గర ఆగింది. “మైనస్ ఆఫ్ మైనస్ వన్... వన్ సార్.” −6 కి 6 రాసింది. “అయితే మైనస్ ఎక్స్ పాజిటివ్ కూడా అయితదా?” అని తనే అడిగి, గడిని మళ్లీ పైనుంచి కిందికి చూసుకుంది. అప్పుడు −య = 6 లెక్కకి తిరిగొచ్చాం. ఎదురు సంఖ్య 6 అయితే అసలు సంఖ్య −6. ఏదీ అటు పోలేదు, ఇటు రాలేదు. 628లో బ్రహ్మగుప్తుడు రాసిన నియమాల్లో ఇదొకటి: సున్నా నుంచి రుణాన్ని తీసేస్తే ధనం. 0 − (−6) = 6. పదమూడు వందల తొంభై ఏళ్లు దాటినా ఆ వాక్యంలో దిద్దాల్సిందేమీ లేదు.

బ్రాకెట్ విషయంలో నియమం చెప్పే ముందు సంఖ్యలతో తేల్చుకున్నాం. 7 − (య − 2) లో య = 2 పెడితే 7 − 0 = 7. ఆమె రాసిన 7 − య − 2 లో పెడితే 3. రెండూ ఒకటి కావని తేలింది. మరి 7 − య + 2 లో పెడితే? 7. య = 3 పెట్టి మళ్లీ చూసింది. 6, 6. బ్రాకెట్ ముందరి మైనస్ లోపలున్న ప్రతి పదానికీ వర్తిస్తుందని విభాగ న్యాయం ద్వారా వివరించింది దీని తర్వాతే. అప్పటికి ఆమెకు జవాబు తెలుసు, కారణమే కావాలి.

జవాబు సరిచూసుకోవడంలో ఒక కిటుకుంది, దాదాపు పిల్లలందరూ దాన్ని పోగొట్టుకుంటారు. పాప జవాబును తను రాసిన రెండో వరసలో పెట్టి చూసుకునేది. తప్పు మొదటి వరస నుంచి రెండో వరసకి దిగేటప్పుడే జరిగితే, ఆ సరిచూపు ఎప్పటికీ ఒప్పనే చెప్తుంది. ప్రశ్నలో ఇచ్చిన సమీకరణంలోనే పెట్టాలి. ఎస్‌ఏ (సమ్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలో టైం చాలదని మొదట గొణిగింది. పేజీ పక్కన ఒక వరసలో అయిపోతుందని అలవాటయ్యాక ఆ మాట రాలేదు.

మళ్లీ జారిన చోటు

అంతా కుదిరిందనుకున్న సమయంలో స్కూల్ యూనిట్ టెస్ట్‌లో ఒక లెక్క తిరగబెట్టింది. 4 లోంచి ఒక భిన్నం తీసేస్తే 1. ఆ భిన్నంలో పైన య − 3, కింద 2. హారం పోవడానికి అన్నింటినీ 2 తో గుణించింది, అది ఒప్పే. తర్వాత వరస:

8 − య − 3 = 2

అందులోంచి య = 3 వచ్చింది. అసలు జవాబు 9. బ్రాకెట్ పాఠం వచ్చిన పిల్లే ఇది చేసింది. ఎందుకంటే ఇక్కడ బ్రాకెట్ కనపడదు. భిన్నంలోని అడ్డగీతే బ్రాకెట్ పని చేస్తోంది, 2 తో గుణించగానే ఆ గీత పోతుంది, దాంతోపాటే బ్రాకెట్ కూడా మాయమవుతుంది. ఇది పాత తప్పు తిరిగి రావడం కాదు, అదే తప్పుకి ఇంకో గుమ్మం. ఆ రోజు నుంచి భిన్నం చూడగానే పైనున్న వాటి చుట్టూ ముందు బ్రాకెట్ గీసి, తర్వాతే గుణించమన్నాను: 8 − (య − 3) = 2, 8 − య + 3 = 2, 11 = 2 + య, య = 9.

ఈ దశలోనే ‘అటు పోతది’ అన్న మాటను తిరిగి వాడనిచ్చాను. పదో తరగతిలో ప్రతి వరసకీ కారణం రాస్తూ కూర్చోలేరు, పక్షాంతరం మంచి అడ్డదారి. కానీ ఇప్పుడు ఆమె చెప్పేది ఇలా ఉంటోంది: “మైనస్ త్రీ ఎక్స్ అటు పోతే ప్లస్ త్రీ ఎక్స్ అయితది, రెండు దిక్కుల కలిపినం కాబట్టి. మైనస్ త్రీ ఒక్కటే పోవాలంటే కిందికి పోతది, మైనస్‌తోనే పోతది.”

తొమ్మిదో తరగతిలో

కేసు తేలిందా లేదా అన్నది నాకు తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో తెలిసింది. చలనం పాఠంలో తుది వేగం = తొలి వేగం + త్వరణం × కాలం అన్న సూత్రం వస్తుంది. దాన్ని తొలి వేగం కోసం తిప్పి రాయాలి: తొలి వేగం = తుది వేగం − త్వరణం × కాలం. పిల్లలకు ఇక్కడ ఒకేసారి రెండు మైనస్‌లు తగులుతాయి. ఒకటి సూత్రాన్ని తిప్పినందుకు వచ్చింది, రెండోది బ్రేకు వేస్తున్న బండి త్వరణంలో ముందే ఉన్నది.

ఒక మెట్రో రైలు లెక్క కట్టి ఇచ్చాను. స్టేషన్ దగ్గరపడుతుంటే రైలు త్వరణం సెకనుకి సెకనుకి −1 మీటరు, 20 సెకన్లలో ఆగిపోయింది. బ్రేకు వేసినప్పుడు వేగం ఎంత? బ్యాచ్‌లో కొందరు 0 − 1 × 20 = −20 అని రాశారు. ఆ లెక్కన రైలు వెనక్కి పోతున్నట్టు. సూత్రంలో మైనస్ ఉంది, విలువలో కూడా మైనస్ ఉంది, రెండూ ఒకటే అనుకుని ఒకదాన్ని మింగేశారు. పాప ఇలా రాసింది:

0 − (−1) × 20 = 20

సెకనుకి 20 మీటర్లు, అంటే గంటకి 72 కిలోమీటర్లు. పక్కన కూర్చున్న అమ్మాయి ఆ బ్రాకెట్ ఎందుకని అడిగితే, “ఒక మైనస్ ఫార్ములాది, ఒకటి బ్రేక్‌ది, వేరే వేరే” అంది. ఆ మాటే బోర్డు మీద రాసి బ్యాచ్ మొత్తానికి చూపించాను.

భిన్నాల దగ్గర ఇప్పటికీ అప్పుడప్పుడు తొందరపడుతుంది, సరిచూసుకున్నప్పుడు తనే పట్టుకుని దిద్దుకుంటుంది. ముందు ముందు అసమీకరణాలు వస్తాయి. −3య > 12 ని −3 తో భాగిస్తే ఈసారి నిజంగానే ఒక గుర్తు తిరగబడుతుంది, కానీ తిరిగేది మైనస్ కాదు, మధ్యలో ఉన్న > గుర్తు. దానికి మళ్లీ చీటీలు, సంఖ్యల గడి బయటకు తీయాల్సి ఉంటుందని ఆమెకు ఇప్పుడే చెప్పి ఉంచాను.